యేసుమణి మోకాలికి ఫుల్ మార్కులు

అర్ధవీడులో ఏడుగురికి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగితే, ఏడుగురికీ నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది మార్కులు వచ్చాయి. వాళ్లంతా సంబరపడ్డారు. రేచల్‌కు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

రేచల్‌ది మార్కాపురం. ఫిజియోథెరపీలో పీజీ చేస్తోంది. ఆపరేషన్ అయిన ఏడాదికి ఎవరి మోకాలు ఎలా ఉందన్నది ఆమె రీసెర్చ్. పన్నెండు ప్రశ్నలు, ప్రశ్నకు నాలుగు మార్కులు. మెట్లు దిగగలరా, బజారుకు నడవగలరా, మోకరించి మళ్లీ లేవగలరా... ఏ ఆపరేషనూ లేని రేచల్ నాయనకే ముప్పై తొమ్మిది దాటలేదు. ఇక్కడేమో డెబ్బై ఏళ్ల నాగయ్య ఫుల్ మార్కులు కొట్టేసి, కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి ఆమెను వీధి చివరిదాకా సాగనంపాడు. పైగా ఏడుగురి జవాబులూ పొల్లుపోకుండా ఒక్కటే.

కూపీ లాగితే సంగతి బయటపడింది. ఆ ఏడుగురిలో ఒకరైన యేసుమణి కొడుకు క్రాంతి కుమార్ గిద్దలూరులో కానిస్టేబుల్ పరీక్షలకు కోచింగ్ ఇస్తాడు. కిందటిసారి రేచల్ వచ్చినప్పుడు ప్రశ్నల కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, ఏడుగురినీ వరండాలో కూర్చోబెట్టి వారం రోజులు క్లాసు చెప్పాడు.

"మార్కులు తక్కువొస్తే మోకాలు మళ్లా కోస్తారేమోనని మాయమ్మ భయపడింది మేడమ్," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మీరు గూడా సంతోషపడతారనుకున్నా."

"ఏంది సంతోషం? శనివారం లోపల నిజం కాగితాలు ఇయ్యకపోతే మా గైడ్ నా రీసెర్చ్‌లోంచి ఈ ఊరినే కొట్టేస్తాడు సార్. మళ్లా నేను ఈ పక్కకు వచ్చే పనే ఉండదు."

ఆ ఆఖరి మాట క్రాంతికి కలుక్కుమని తగిలింది. ఏడాదిలో ఆమె వచ్చింది మూడుసార్లు. ఆ మూడు తేదీలూ అతనికి నోటికి వచ్చు.

మర్నాడే ఆమెను బండెక్కించుకుని ఇల్లిల్లూ తిరిగాడు. నేర్పింది మరిపించడం నేర్పడం కన్నా కష్టమని అప్పుడు తెలిసొచ్చింది. నాగయ్య ససేమిరా అన్నాడు. పక్కింటి వెంకటసుబ్బయ్యకు నలభై ఎనిమిది ఉండగా తానెందుకు తగ్గాలని ఆయన పంతం. చివరికి ఇద్దరినీ ఒకే అరుగు మీద కూర్చోబెట్టి ఒకేసారి తగ్గించాల్సి వచ్చింది. ముప్పై మూడు, ఇరవై తొమ్మిది... మార్కులు పడిపోయేకొద్దీ రేచల్ ముఖం వెలిగిపోతోంది. ఫెయిల్ చేస్తూ ఇంత ముద్దుగా నవ్వే ఎగ్జామినర్‌ను క్రాంతి ఎక్కడా చూడలేదు.

దారిలో తుంపర పట్టింది. మొదట బండి మీద ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్న ఫైలు, నాలుగో ఇంటికి వెళ్లేసరికి తడుస్తుందన్న వంకతో ఆమె చున్నీ కిందికి చేరింది.

ఆఖరున యేసుమణి మిగిలింది. అన్నిటికీ బుద్ధిగా నిజమే చెప్పింది గానీ, మోకరించే ప్రశ్న దగ్గర మాత్రం నాలుగు వేసుకోమంది.

"నిజంగానేనా ఆంటీ?"

యేసుమణి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "లేదమ్మా. మోకాలు ఆనిస్తే ప్రాణం పోతది. చర్చిలో అందరూ మోకరిస్తే నేనొక్కదాన్నే కుర్చీలో కూర్చుంటన్నా. దేవుని ముందర పొగరు చూపిచ్చినట్టు ఉంటది. అది కాగితంలో ఎట్ల రాయిచ్చేది?"

క్రాంతికి ఏడాదిగా పక్కనే ఉండి ఇది కనిపెట్టలేకపోయానని సిగ్గేసింది. రేచల్ ఆమె చేయి పట్టుకుని, ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి మోకరించడం కష్టమేనని, ఇందులో ఆమె తప్పేమీ లేదని చెప్పింది. ఈ మాట డాక్టర్లు ముందే చెప్పాలని రిపోర్టులో మొట్టమొదట రాస్తానంది. సున్నా వేసింది.

యేసుమణి గుండె తేలికపడింది. ఇక నిజాలు ఆగలేదు.

"ఎట్లాగూ నిజమే చెప్పమన్నావు గాబట్టి ఇంకోటి చెప్తా పాపా. నువ్వొచ్చే దినం మావాడు రెండుసార్లు గడ్డం గీసుకుంటాడు. ఈసారి చెంప గూడా కోసుకున్నాడు."

రేచల్ పెన్ను ఆపి అతని వైపు తిరిగింది. "నిజమేనా సార్?"

వందలమందికి జవాబులు చెప్పే మాస్టారికి ఒక్క జవాబు కోసం చెమటలు పట్టాయి. "నిజమే. నువ్వంటే నాకు శానా ఇష్టం రేచల్," అనేశాడు.

ఆమె ఫైలు మూసింది. నవ్వు మాత్రం దాచుకోలేకపోయింది.

"శనివారం కాగితాలు ఇచ్చేస్తా. ఆదివారం మా నాయనను తీసుకోని మీ చర్చికి వస్తా," అంది నెమ్మదిగా. "మీ అమ్మ పక్కన ఇంకో రెండు కుర్చీలు వేసి పెట్టు. మేము గూడా కూర్చోనే ప్రార్థన చేసుకుంటాం."