పియెత్రానేరా పుర్రె

మిట్టమధ్యాహ్నం దాటి రెండు గంటలు... పియెత్రానేరా కొండ ఊళ్లో ప్రాణమున్న ప్రతిదీ తలుపులు బిగించుకుని పడుకునే వేళ! భోజనాలయ్యాక ఆ రెండు గంటలూ వీధులు చచ్చినవాళ్లవని అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆ వేళ గడప దాటినవాడు ఏమైపోయినా ఎవరూ అయ్యో అనరు.

పట్టపగలే ఒక గుడ్లగూబ చర్చి గంటగోపురం మీద కూర్చుని వికృతంగా అరిచింది. మబ్బుతునక లేని ఆకాశంలో ఉరుము ఉరిమింది!

ఇమ్మాకొలాతా ఒళ్లు జలదరించింది. నేపుల్స్ నుంచి ఒక్కరోజు విహారయాత్రకు వచ్చిన విద్యార్థుల్లో ఆమె ఒకతె, అందరికీ ఇమ్మా. టీచరూ, తోటివాళ్లూ కోటగోడ నీడలో కునుకు తీస్తుంటే, ఆమెను చెయ్యి పట్టి చర్చి కింది అస్థిగృహంలోకి లాక్కొచ్చింది ఫిలొమేనా. ఇద్దరివీ ఎదురెదురు గుమ్మాలు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకరి ప్లేటులో ఒకరు తిన్నవాళ్లు.

చీకటి... చెమ్మ... నాలుగు కొవ్వొత్తులు, పైనున్న చిన్న కిటికీలోంచి నేల మీద పడ్డ కాస్త ఎండ... గోడల నిండా వేలాది కపాలాలు! వాటి మధ్య ఎముకల గూడులాంటి ముసలివాడు, కాపలాదారు దోన్ సబీనో.

"సముద్రం కంపు కొడుతున్నారు. ఏం పని ఇక్కడ?" అన్నాడు.

"నీ అందం చూడ్డానికి రాలేదులే తాతా! లాటరీ నంబర్లు చెప్పే పుర్రె ఉందట కదా, ఎక్కడ?" అంది ఫిలొమేనా.

ముసలివాడి కళ్లు మిలమిలలాడాయి. "ఉంది... అడిగితే చెబుతుంది."

అతను చూపించిన గూట్లో మసిబారిన ఒంటరి కపాలం. నడినెత్తిన దిగగొట్టిన ఇనుపమేకు! దాని ముందు దీపం లేదు, పువ్వు లేదు.

ఇమ్మా నాయనమ్మకూ ఒక పుర్రె ఉండేది. దిక్కులేని పుర్రెను ఇంటిమనిషిగా చేసుకుని, పేరు పెట్టి, తుడిచి, సోమవారం సోమవారం దీపం పెట్టేది. చచ్చినవాళ్లు ఆ లోకంలో మండిపోతుంటారు, దాహంతో అలమటిస్తుంటారు. ముందు వాళ్లు చల్లబడాలని ప్రార్థించాలి, తర్వాతే ఏదైనా అడగాలి. నేపుల్స్‌లో ఏ ఆడపిల్లను లేపి అడిగినా చెబుతుంది. కానీ ఫిలొమేనాకు ఎప్పుడూ తొందరే!

"మూడు నంబర్లు చెప్పవే పుర్రెమ్మా! మా అమ్మకు పళ్లు కట్టించాలి!" అంటూ కపాలం మీద చెయ్యి వేసింది.

"ఒసేయ్, ముందు చల్లార్చవే!" అని ఇమ్మా అరిచేలోపే... జరిగిపోయింది!

గాలి లేకుండానే కొవ్వొత్తులు ఆరిపోయాయి. ఫిలొమేనా కనుగుడ్లు వెనక్కి తిరిగాయి. పెదవులు పగిలి నెత్తురు చిమ్మింది. ఆ నోట్లోంచి... ఎవరిదో ముదుసలి గొంతు!

"దాహం... దాహం!!"

సబీనో వికటాట్టహాసం చేశాడు. "పదకొండేళ్లు! ఏమీ ఇవ్వకుండా దీన్ని అడిగే వెర్రిది దొరకాలని పదకొండేళ్లు కాచుకున్నానే! కిటికీలో ఆ ఎండ జారిపోయేలోగా ఈ పిల్ల ప్రాణం ఆవిరైపోతుంది. ఆ ఒంట్లో నా దాసి ఉంటుంది. నేను చంపమన్నవాళ్లను చంపుతుంది!"

కర్ణకఠోరమైన మంత్రం మొదలైంది. ఇమ్మా స్నేహితురాలి నడుం పట్టుకుని లాగింది. అదృశ్యహస్తమేదో ఆమెను గోడకేసి కొట్టింది. నేల మీద ఎండ చారెడే మిగిలింది.

"దాన్ని వదలరా ముసలోడా! నీ చేతులు పడిపోను!" అని ఏడుస్తూ తిట్టింది. అంతలో ఒక ఆలోచన తట్టి, "అసలు ఈమె పేరేంటి?" అని గద్దించింది.

"దాసికి పేరేంటే!" అని ఇకిలించాడు సబీనో.

ఆ మాటే వాడి కొంప ముంచింది. పేరు లేదంటే ఎవరూ తమ మనిషిగా చేసుకోలేదని! మేకు కొట్టి బంధించాడే తప్ప, ఆ అభాగ్యురాలు వాడికేమీ కాదు!

ఇమ్మా సంచిలోంచి నీళ్లసీసా లాగింది. స్కార్ఫు తడిపి, నిప్పులా కాలుతున్న ఆ కపాలాన్ని తుడిచింది. అరచేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

"నీ పేరు సెరఫీనా! ఇవ్వాళ్టి నుంచి నువ్వు మా ఇంటిమనిషివి. సోమవారం సోమవారం వచ్చి దీపం పెడతా. చల్లబడమ్మా... చల్లబడు తల్లీ!"

బుస్సుమని ఆవిరి లేచింది. ఠంగ్! మేకు ఊడి నేల మీద దొర్లింది.

"నన్ను... తల్లీ అంది!" ఫిలొమేనా నోట ఆ గొంతు బావురుమంది. మరుక్షణం వేలాది కపాలాల దవడలు పటపటమంటూ కదిలాయి. ఆ ఘోషలో సబీనో మంత్రం గడ్డిపరకలా కొట్టుకుపోయింది. వాడి నాలుక పిడచకట్టుకుపోయింది.

"నీళ్లు... నీళ్లు..." అంటూ గొంతు పట్టుకుని కూలాడు. చర్మం ఎండి, చిట్లి, పొడైంది. చివరికి మిగిలింది చొక్కా, గుప్పెడు బూడిద!

కిటికీలో ఎండ జారిపోయింది. ఫిలొమేనా ఇమ్మా ఒళ్లో కళ్లు తెరిచి, "గొంతెందుకే ఇలా మండుతోంది?" అంది తన గొంతుతోనే.

ఇమ్మా లాగి చెంప మీద ఒకటిచ్చి, వాటేసుకుని భోరుమంది.

పైనుంచి టీచరు కేకలు వినబడ్డాయి. స్నేహితురాలిని నడిపించుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చి, "సోమవారం వస్తానమ్మా" అని వెనక్కి తిరిగిన ఇమ్మా కొయ్యబారిపోయింది.

వరసల్లో ఉన్న కపాలాలన్నీ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.

"రా తల్లీ..." అంది గూట్లోంచి సెరఫీనా. "వీళ్లందరికీ కూడా పేర్లు కావాలట."