అత్తగారి స్నానం వేళ

హెలెన్ చేతిలో పడ్డ ముసలివాళ్లను చూస్తే జబ్బులు కూడా భయపడి పారిపోతాయని గుణదలలో ఒక మాట ఉంది. ఆ మాట హెలెన్ చెవినా పడింది. ఆమె కాదనలేదు. వృద్ధాశ్రమంలో పెద్ద నర్సు మరి. అక్కడి పద్ధతే ఇంట్లోనూ నడిపేది. తెల్లవారకముందే అత్తగారు సంపూర్ణమ్మను లేపి, వేడినీళ్లతో స్నానం చేయించి, ఉతికిన చీర కట్టి, ఇడ్లీ తినిపించి మరీ డ్యూటీకి వెళ్లేది. కిందటేడు ఉయ్యూరులో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న సంపూర్ణమ్మ మళ్లీ కర్ర పట్టుకుని నడుస్తోందంటే ఆ ఘనత కోడలిదే.

ఆ ఆదివారం కూడా స్నానం అయింది. హెలెన్ ఇడ్లీ ముక్క తుంచి నోటి దగ్గర పెట్టేసరికి సంపూర్ణమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"నేను ఉయ్యూరు వెళ్లిపోతానమ్మాయ్. మా తమ్ముడు బాలశౌరికి కబురు పెట్టండి."

హెలెన్ చెయ్యి ఆగిపోయింది. "ఏమైంది అత్తయ్యా?"

"ఏం కాలేదు. వెళ్తానంతే."

హెలెన్ భర్త యేసుకుమార్ పేపరు పక్కన పడేశాడు. "అక్కడ నిన్నెవరు చూస్తారమ్మా? ఊళ్లో అందరి అమ్మల్నీ చూసే మనిషి సొంత అత్తను చూసుకోలేకపోయిందంటారు. హెలెన్ తల ఎక్కడ పెట్టుకోవాలి?"

సంపూర్ణమ్మ కర్ర అందుకుని లోపలి గదిలోకి నడిచింది. హెలెన్‌కి చర్చిలో ప్రార్థన మీద మనసు నిలవలేదు.

మధ్యాహ్నం ఆశ్రమం ఆయాలు ఆదెమ్మ, రూతు ఇంటికొచ్చారు. ఆశ్రమం పద్ధతులు మార్చాలనుకున్న యాజమాన్యం, రోజూ దగ్గరుండి చేసేవాళ్ల అనుభవాలు కనుక్కుని రమ్మని హెలెన్‌కి అప్పజెప్పింది. అందుకే ఆమె వాళ్లను పిలిచింది.

"తెల్లారేలోపు అందరికీ నీళ్లు పోసేసరికి మా నడుములు పడిపోతున్నాయి మేడమ్. రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని వెయ్యమనండి," అంది ఆదెమ్మ.

"బాయిలరు కూడా పెద్దది కొనమనండి. చివర్లో వాళ్లకి చన్నీళ్లే మిగుల్తున్నాయి," అంది రూతు.

"రెండూ అడుగుతాను," అంది హెలెన్ తృప్తిగా.

లోపలి గదిలోంచి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. "నీళ్లు పోసేవాళ్లని అడిగావు, బాగానే ఉంది. పోయించుకునేవాళ్లని ఎవరినన్నా అడిగావా అమ్మాయ్?"

ఆయాల ముందు ఆ మాట పడేసరికి హెలెన్‌కి తల కొట్టేసినట్టయింది. విసురుగా గదిలోకి వెళ్లింది. "మీకేం తక్కువ చేశాను అత్తయ్యా? నన్ను కన్నతల్లికి కూడా ఇంత చెయ్యలేదు."

"తక్కువ చెయ్యలేదు. నాట్లకెళ్లినా, చెరుకు కొట్టడానికెళ్లినా పొద్దుగూకి ఇంటికొచ్చాకే మేం ఒంటిమీద నీళ్లు పోసుకునేది. అప్పుడే ఆ రోజు పని అయినట్టు. ఇంత తిని, ప్రార్థన చేసుకుని పడుకుంటే ఒళ్లు తెలిసేది కాదు. నువ్వేమో చీకట్లోనే నీళ్లుపోసి, మంచి చీర కట్టి కూర్చోబెడతావు. ఇంక శవప్పెట్టెలో పెట్టడమే మిగిలిందనిపిస్తది నాకు."

"ఈ మాట ఇన్నాళ్లూ నాతో అనలేదేం?"

"నా కోసం నిద్ర చెడగొట్టుకుని లేచేదానివి. ఎట్టా అనమంటావు? అనలేకే ఉయ్యూరు పోతానన్నా."

అంతే, హెలెన్‌కి ఏడుపు ఆగలేదు. కింద కూర్చుని అత్తగారి ఒళ్లో తల పెట్టేసింది. ఇన్నాళ్లూ ఎంత బాగా చూస్తున్నానో అని మురిసిపోయిందే గానీ, ఈ మనిషికి ఏం కావాలో ఒక్కసారీ అడగలేదు. ఆ సిగ్గు ఆమెను కోసేసింది.

"ఊరుకో. నా ఒంటి సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. నా సంగతి మాత్రం నన్నడుగు," అంది సంపూర్ణమ్మ తల నిమురుతూ.

గుమ్మంలో ఆదెమ్మ కళ్లు ఒత్తుకుంటోంది. "మన ఆశ్రమంలో సొలొమోను తాత రోజూ తలుపు పట్టుకుని స్నానానికి రానంటాడు మేడమ్. మొండితనం అనుకుని లాక్కెళ్లేదాన్ని."

హెలెన్ లేచి మొహం తుడుచుకుంది. "రేపు వాళ్లనే అడుగుదాం. ఒక్కొక్కళ్ల దగ్గరా కూర్చుని. యాజమాన్యానికి ముందు ఆ మాటలే చెబుతాను, మనిషి, బాయిలరు సంగతి ఆ తర్వాత."

మర్నాడు సంపూర్ణమ్మను తెల్లవారకముందు ఎవరూ లేపలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే హెలెన్ నీళ్లు కాచి, అత్తగారి దగ్గరికొచ్చింది.

"నీళ్లు పోసుకుంటారా అత్తయ్యా?"

సంపూర్ణమ్మ కోడలి వంక చూసింది. "ఇవాళ వద్దులే అమ్మాయ్."

హెలెన్ లోపలి నర్సు గొంతుదాకా వచ్చింది. కష్టంమీద దిగమింగుకుంది. "మీ ఇష్టం అత్తయ్యా," అంది.

సంపూర్ణమ్మ కాళ్లు చాపుకుని, గోడకు హాయిగా చేరగిలబడింది.

"బాలశౌరికి కబురు పెట్టొద్దులే," అంది.