బూదిగుట్ట మీద పని ఆగిన రాత్రి

పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా బూదిగుట్ట అని ఒకటుంది. పగలు గొర్రెలు మేస్తాయి. పొద్దు మునిగితే కుక్క కూడా అటు పోదు.

గుట్ట మీద రాక్షస గుళ్ళున్నాయి. మూడు పక్కలా నిలువు బండలు, పైన మూతలాగా ఒక బండ, ముందు బండకు తలకాయ పట్టేంత గుండ్రటి కన్నం. ఎప్పటివో ఎవరికీ తెలీదు. చచ్చినవాళ్ళ కోసం కట్టిన ఇళ్ళని మాత్రం అందరికీ తెలుసు. ఆ కన్నాల్లోంచి రాత్రిళ్ళు ఎవరో చూస్తారని... ఆ చూపు తగిలినవాడు జ్వరంతో మంచం దిగడని చెప్పుకునేవాళ్ళు.

2002 వేసవిలో ఆ చూపుకు వెలుగు కూడా వచ్చింది. సదుం నుంచి పాలు తెచ్చే వ్యాను డ్రైవరు చూశాడు. కన్నంలో ఎర్రటి వెలుతురు — మూసుకుంటోంది, తెరుచుకుంటోంది... అచ్చం కన్ను మాదిరి. అంతే, రాత్రిపూట ఆ దారిన బండి తిరగడం మానేసింది.

ఆ మండలానికి కొత్తగా వచ్చిన ఎమ్మార్వో రాజేశ్వరమ్మ. సొంతూరు మదనపల్లె, సంసారమంతా అక్కడే. దెయ్యాలూ గియ్యాలూ లేవని పగలు గట్టిగా చెప్పేది. రాత్రి క్వార్టర్సులో మాత్రం వరండా లైటు ఆర్పకుండా పడుకునేది.

గుట్టకు ఆనుకొని మారప్ప గ్రానైటు క్వారీ. తవ్వుకుంటూ తవ్వుకుంటూ గుళ్ళ దాకా వచ్చేశాడు. అప్పటికే ఒక గుడి పిండైపోయింది. రాజేశ్వరమ్మ పురావస్తు శాఖకు రాసింది, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగింది, ఎట్లాగో పని నిలపమనే ఉత్తర్వు తెచ్చి తనే మారప్ప చేతికిచ్చింది. శాఖవాళ్ళు వచ్చి చూసేదాకా గుట్ట మీద సుత్తి పడకూడదు.

"మీరు చెప్పినాక కాదంటామా మేడం?" అని మారప్ప నవ్వాడు. అప్పటికప్పుడే మిషన్లు ఆపించి, కూలీలను ఇళ్ళకు పంపాడు.

ఆ నవ్వే ఆమెకు మింగుడు పడలేదు.

శాఖవాళ్ళు రేపొస్తారనగా సాయంత్రం, జీపు డ్రైవరు మునిరత్నం తలుపు దగ్గర నిలబడి గొంతు తగ్గించాడు.

"అమ్మా... బస్టాండు కాడ మారప్ప మనుషులు మాట్లాడుకుంటాంటే ఇన్న్యాను. ఈ రాత్రికే గుళ్ళు పేల్చేస్తారంట. రేపు వచ్చేవాళ్ళకి సూసేదానికి ఏమీ ఉండకూడదంట."

రాజేశ్వరమ్మకు కాలు నిలవలేదు. రాళ్ళే లేకపోతే ఆ ఉత్తర్వు ఇంక దేన్ని కాపాడుతుంది? పోలీసులకు ఫోన్ చేసింది. వాళ్ళ జీపు కుప్పం బందోబస్తుకు పోయింది, తెల్లారేసరికి వస్తామన్నారు. ఆఫీసులో ఒకరికి కడుపునొప్పి, ఒకరింట్లో చుట్టాలు. బూదిగుట్ట పేరు చెప్పాక ఇంకెవరొస్తారు? కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆఖరికి చెప్పులేసుకుంది.

"పద మునిరత్నం."

"ఇప్పుడా? ఆడికా?... వొద్దమ్మా, నా మాటినండి."

"నువ్వు రోడ్డు మీదే ఉండప్పా. నేను పోతా."

జీపు లైట్లు ఆర్పితే చీకటి మీదకొచ్చి పడింది. వేడిగాలి కొడుతోంది. టార్చిలైటు పట్టుకొని ఎక్కడం మొదలుపెట్టింది. సగం దూరం పోయేసరికి — ఠంగ్... ఠంగ్... రాతి మీద ఇనుము మోత. ఆమె ఆగింది. అదీ ఆగింది.

తలెత్తి చూసింది.

కన్నంలో ఎర్రటి వెలుగు. మూసుకుంది... తెరుచుకుంది.

ఒళ్ళంతా చెమట. కింద జీపు కనిపించడం లేదు. వెనక్కి తిరగబోయింది... అప్పుడు ముక్కుకు తగిలింది — బీడీ వాసన.

దెయ్యం బీడీ తాగుతుందా?

భయం పోయి అరికాలి మంట నెత్తికెక్కింది. గబగబా ఎక్కి కన్నంలోకి టార్చి వేసింది. లోపల ఒక లాంతరు. దాని ముందు వేలాడగట్టిన గోనెపట్టా గాలికి అటూ ఇటూ ఊగుతోంది. నేల మీద, ఇంకా పొగ పోతూ, బీడీ ముక్క. ఇదన్నమాట ఇన్నాళ్ళూ ఊరిని బెదిరించిన కన్ను! రాత్రిళ్ళు దొంగతనంగా రాళ్ళు తోలుకోవడానికి మారప్ప పెట్టించిన కన్ను!

"ఎవురప్పా ఆడ? బయటికి రండి! ఎమ్మార్వోని నేను. పని ఆపమని ఆర్డరుండాది!"

ఎవరో పరిగెడుతున్న అడుగులు... దూరమయ్యాయి. ఆ తర్వాత చీకట్లోంచి, ఎక్కడినుంచో, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు —

"వొద్దూ... ఆడుండొద్దూ... పో..."

ఇంకా బెదిరిస్తున్నారే! రాజేశ్వరమ్మకు మొండితనం వచ్చింది. గుడి ముందరి బండ మీద చీర కొంగు దోపుకొని బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఈడనే కూసుంటా. ఏం చేస్తారో చేసుకోండి!"

గొంతు ఆగిపోయింది.

చాలాసేపటికి మునిరత్నం కర్ర పట్టుకొని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ పైకొచ్చాడు. ఇద్దరూ కన్ను మూయలేదు. బండ పగటి ఎండకు కాగి ఉండాలి కదా... మంచుగడ్డ మీద కూర్చున్నట్టు చల్లగా ఉందని ఆమె అనుకుంది గానీ, పైకి అనలేదు.

తెల్లారాక పోలీసులొచ్చారు. శాఖవాళ్ళు వచ్చి గుళ్ళను కొలిచారు, ఫొటోలు తీశారు, ఇక ఇక్కడ గునపం కూడా వేయకూడదన్నారు. మారప్పకోసం ఇద్దరు కానిస్టేబుళ్ళు పోయారు. రాజేశ్వరమ్మ హమ్మయ్య అని అప్పుడు లేచి, ఒళ్ళు విరుచుకుంది.

అప్పుడొచ్చాడు గంగులయ్య. కుప్పం వైపు మనిషి, క్వారీలో మందు పేల్చే పని. మొహంలో నెత్తురు చుక్క లేదు. వస్తూనే ఆమె కాళ్ళ ముందు కూలబడ్డాడు.

"రాత్రి అరిసింది నేనేనమ్మా. బెదిరించేదానికి కాదు... మీరొచ్చేతలికే వత్తులు అంటించేసినాను."

ఆమెకు అర్థం కాలేదు. "ఏ వత్తులు?"

అతను చూపుడు వేలితో బండ చూపించాడు. ఆమె కూర్చున్న చోటికి చుట్టూతా, మందు కూరి ఇసుకతో పూడ్చిన తూట్లు.

"ఆరిపోయినాయా?" అంది.

"ఆరలేదమ్మా. మీరు కూసునే ముందే బుస్సుమంటా కాల్తా లోపలికి పోయినాయి. బండ సాటు నుంచి నా కండ్లారా సూసినాను. ఒగటి పేలకపోతే ఏందో అనుకోవచ్చు. అన్నీనా? ముప్పై ఏండ్లుగా ఈ పని చేస్తాండా... మీ మాటకి ఆగింది కాదమ్మా అది."

"తేమ తగిలుంటాదిలే," అన్నాడు ఎస్సై.

గంగులయ్య అందర్నీ దూరంగా పొమ్మని, కట్టెపుల్లతో ఒక తూటులోని ఇసుక నిదానంగా గీకాడు. వత్తి కాలిన బూడిద కనిపించింది. దాని కిందినుంచి చిటికెడు పేలుడు మందు తీసి, దూరంగా ఒక రాతి మీద పోశాడు. అగ్గిపుల్ల గీశాడు.

పుల్ల ఇంకా తగల్లేదు. మందు భగ్గుమని లేచి, అతని చేతి వెంట్రుకలు కాల్చేసింది.