ఏడుసార్లు కడిగిన పళ్లెం

కుక్క శవం మెట్ల మొదట్లో దుప్పటి కింద ఉంది. ఇన్‌స్పెక్టర్ హిలాల్ దుప్పటి తొలగించి చూశాడు. చిగుళ్లు పసుపుపచ్చగా ఉన్నాయి.

"నా బుందుక్‌ని వీడే చంపాడు," అంది బిల్డింగ్ యజమాని మాదాం ఫీబీ, కాపలాదారు ఇద్రీస్‌ని చూపిస్తూ. "పళ్లెంలో ఏదో పొడి వేసి రుద్దుతుంటే బాల్కనీ నుంచి కళ్లారా చూశాను. వీణ్ణి తీసుకుపోండి. వీడి గది తాళం నాకిప్పించండి."

ఇద్రీస్ మెట్ల కింద తన గది గుమ్మంలో, చీకట్లో నిలబడి ఉన్నాడు. అలెగ్జాండ్రియాలో అతనికి ఆ గది తప్ప ఇల్లు లేదు. వంగి పిక్కలు నొక్కుకుంటున్నాడు.

"ఏం పొడి, ఇద్రీస్ బాబాయ్?"

"మట్టి, బాషా," అన్నాడు ఇద్రీస్, పోలీసు అధికారిని అక్కడివాళ్లు పిలిచే గౌరవపు పిలుపుతో.

"కుక్క పళ్లెంలో మట్టెందుకు?"

"కుక్కది కాదు, నా పళ్లెం. నేను తింటుంటే వచ్చి మూతి పెట్టేది. కుక్క నాకితే ఏడుసార్లు కడగాలని మా ప్రవక్త మాట గదా. అందులో ఒకసారి మట్టితో."

"అంత కష్టమెందుకు? తరిమెయ్యొచ్చుగా."

"అది వింటేగా. అమ్మగారి పోలిక."

"చూశారా వీడి నోరు," అంది ఫీబీ.

హిలాల్ పళ్లెం తిప్పి చూశాడు. తళతళలాడుతోంది. ఏడుసార్లు కడిగితే సాక్ష్యం కూడా కొట్టుకుపోతుంది.

ఫోన్ మోగింది. నిన్న కుక్కను పరీక్షించిన పశువుల డాక్టర్ నిర్మీన్.

"విషం కాదు, ఇన్‌స్పెక్టర్. రక్తపరీక్ష వచ్చింది. లెప్టోస్పైరా. ఎలుకల మూత్రంలో ఉండే బాక్టీరియా. నిలవ నీళ్లలో బతుకుతుంది. కుక్కను ముట్టుకున్నారా? సబ్బుతో చేతులు కడుక్కోండి."

హిలాల్ డాక్టర్ చెప్పినదంతా అందరికీ చెప్పాడు, చేతులు కడుక్కోవాలన్న మాటతో సహా.

"ఏడుసార్లా, బాషా?" అన్నాడు ఇద్రీస్.

హిలాల్ ఫీబీని అడిగాడు.

"దానికి టీకా వేయించారా, మాదాం?"

"ఇంట్లో ఉండే కుక్కకి ఎందుకులే అనుకున్నాను." ఆమె గొంతు ఒక్కక్షణం తగ్గింది. "అయినా ఆ ఎలుకల నీళ్లు వీడే తాగించి ఉంటాడు."

హిలాల్ వెనకవైపు, గోడల మధ్య వెలుతురు కోసం వదిలిన సందులోకి వెళ్లాడు. తుఫాను నీళ్లు ఇంకా మడుగు కట్టి ఉన్నాయి. పై వంటగదుల నుంచి విసిరిన చెత్త. ఎలుక పెంటికలు. ఎండిన బురదలో కుక్క అడుగులు. పక్కనే మనిషి పాదాలు.

తిరిగొచ్చాడు.

"ఆ సందులో తూము పూడిక ఎవరు తీశారు?"

"నేనే. తుఫానుకి మూసుకుపోతే దిగాను. బుందుక్ కూడా నా వెంటే దిగింది."

"చెప్పుల్లేకుండానా?"

"నీళ్లలో చెప్పులెందుకు?"

హిలాల్ చూపు ఇద్రీస్ మడమల మీద ఆగింది. నిండా పగుళ్లు.

"బాబాయ్, ఇలా వెలుతురులోకి రా."

ఇద్రీస్ కుంటుతూ వచ్చాడు. హిలాల్ బొటనవేలితో అతని కంటి రెప్ప కిందికి లాగాడు. తెల్లగుడ్డు కుక్క చిగుళ్ల రంగులో ఉంది.

"జ్వరమెప్పటి నుంచి?"

"నాలుగు రోజులవుతుంది. చలిగాలి అనుకున్నా."

హిలాల్ ఫీబీ వైపు తిరిగాడు.

"విషం పెట్టేవాడు తను తినే పళ్లెంలో పెట్టడు, మాదాం. ఇద్దరూ ఒకే మడుగులో దిగారు. దానికి పట్టిందే ఇతనికీ పట్టినట్టుంది. కుక్క నోరు అందరం చూశాం. ఇతని కళ్లు ఎవరం చూడలేదు. నేనూ చూడలేదు."

జీపు వచ్చింది.

"స్టేషన్‌కా, బాషా?"

"జ్వరాల ఆసుపత్రికి. పద."

ఇద్రీస్ గదికి తాళం వేశాడు. తాళంచెవి ఫీబీ ముందు పట్టుకున్నాడు.

ఆమె అందుకోలేదు.

"నీ దగ్గరే ఉంచుకో," అంది. "తిరిగొచ్చి నువ్వే తెరవాలి ఆ తలుపు."