నాయనమ్మ ఎంగిలి

పొద్దున్నే చిట్టికి జావ తాగించడం అత్తగారి పని. కోడలు పక్కగదిలో తల దువ్వుకుంటోంది కానీ చెవి మాత్రం వంటింట్లోనే ఉంది. పిల్ల పుట్టాక మానేసిన బట్టల దుకాణం పనిలో మళ్ళీ చేరేది ఇవాళే.

చిట్టి గుక్కపట్టింది. దువ్వెన విసిరేసి పరుగెత్తింది కోడలు. నోటి చుట్టూ దద్దుర్లు, పై పెదవి ఉబ్బింది. ఇలాంటప్పుడు వాడమని డాక్టరు ఇచ్చిన మందు పట్టించి, పిల్ల ఛాతీకి చెవి ఆనించింది. ఊపిరి బాగానే ఆడుతోంది. తనకే ఆడడం లేదు.

"ఏం పెట్టారత్తయ్యా?"

"జావే. నువ్వు కాచిందే."

"దానికి పడని పల్లీలు పెట్టారు కదూ! కొంచెం కొంచెం అలవాటు చేస్తే పోతుందని మొన్న మీరే అన్నారు."

"అన్నాను. పెట్టానా? డబ్బాతో సహా పారేశావుగా! ఒక్క గింజ ఉంటే చూపించు, పోలీసమ్మా!"

కోడలు అరలు తిరగేసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టింది. చివరికి అత్తగారి దిండు కూడా ఎత్తి చూసింది. ఏమీ దొరక్కపోయేసరికి భయం ఇంకా పెరిగింది.

"నేనిక పనికి పోను. ఎవరిని నమ్మి వదలను?"

అత్తగారి మొహం మాడిపోయింది. "ప్రతి చెంచా నా పెదవికి తగిలించి, వేడి చూసి మరీ పెడతానే! నేనా దానికి చెడు చేసేది?"

కోడలు చటుక్కున ఆగింది. "మీ పెదవికా? పొద్దున మీరేం తిన్నారు?"

అత్తగారు నేలచూపులు చూసింది. "ఇంట్లో వద్దన్నావని... వీధి చివర కొట్టు దగ్గరే నిలబడి గుప్పెడు పల్లీలు తిన్నా. చేతులు శుభ్రంగా దులుపుకునే వచ్చానమ్మా."

"ఆ ఎంగిలి చాలత్తయ్యా. ఇలాంటి పిల్లల ఒంట్లో కణాలు దొంగ పడ్డాడని ఒకదానికొకటి కబురు పెట్టుకుంటాయని డాక్టరు చెప్పాడుగా. ఆ కబురు మోసే అణువులకు ఏదో పేరు, నాకు నోరు తిరగదు. కబురు అందితే చాలు, ఒళ్ళంతా కర్రలు పట్టుకుని లేస్తుందట."

"దొంగ కానివాడి మీదా?"

"కానివాడి మీదే." అంది కోడలు. దిండు ఎత్తిన చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. "తప్పయింది అత్తయ్యా."

అత్తగారు నోరు పుక్కిలించి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. అయినా పిల్లను తాకడానికి ధైర్యం చాలక గడప దగ్గరే నిలబడిపోయింది.

"ఇవాళ డాక్టరుకు చూపిద్దాం, మీరూ రండి. నేను రేపు చేరతాను."

"పిల్లని ఎవరికి వదిలి?"

"మీకు కాక ఇంకెవరికి? వేడి మాత్రం మణికట్టు మీద చూడండి."

"ఇక ఈ జన్మకి పల్లీ ముట్టను" అంది అత్తగారు. చేతులు మాత్రం ముందుకు రాలేదు. కోడలే గడప దాకా నడిచి, చిట్టిని ఆ చేతుల్లో పెట్టింది.