అత్తమ్మ మిగిల్చే అన్నం

పొద్దున్నే చిక్కడపల్లి మార్కెట్‌కు పోయి లేత వంకాయలు ఏరి తెచ్చుకుంది నవనీత. అశోక్‌నగర్‌లో ఆమె నడిపే మెస్సుకు పోటీ పరీక్షల పిల్లలు బారులు తీరతారు. "అక్కా, అచ్చం మా అమ్మ వంట లెక్కనే ఉన్నది" అని మళ్లీ మళ్లీ వడ్డించుకునే పిల్లలుంటే ఎవరికి గర్వముండదు? ఆ గర్వం మీద రోజూ నీళ్లు చల్లే మనిషి ఒక్కతే, సొంత అత్త రామక్క. రెండు ముద్దలు తిని "సాలు బిడ్డ" అని చేయి కడిగేసుకుంటుంది. కాసేపటికి బాత్‌రూములో ఆ రెండూ కక్కేస్తుంది. ఏడాదిగా ఇదే తంతు. అడిగితే గ్యాస్ అంటుంది, గోలీసోడా తెప్పించుకుంటుంది.

గ్యాసట, గ్యాసు. లోకంలో ఎవరికీ రాని గ్యాసు తన వంటకే వస్తుందా అని నవనీతకు ఒళ్లు మండేది. భర్త క్రాంతికుమార్‌తో చెబితే "ముసల్ది, ఇడిసిపెట్టరాదు" అని తప్పించుకునేవాడు. అలా అత్తాకోడళ్ల మధ్య మాటలు కరువై, కంచం పెట్టడం, తీయడం మాత్రం మిగిలాయి.

ఆ మధ్యాహ్నం రాంనగర్ నుంచి నవనీత అక్క అనిత భోజనానికి వచ్చింది. రామక్క అలవాటుగా రెండు ముద్దలకే లేవబోయింది.

"ఏందే, మీ అత్తకు నీ వంట పడదా?" అని అనిత నవ్వింది.

నవనీత మొహం మాడిపోయింది. అత్త చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"కూసో అత్తమ్మా. ఇయ్యాల మొత్తం తింటెనే లేస్తవ్."

"వద్దు బిడ్డ. లోపటికి పోతలేదు."

"మెస్సుల అంతమంది తింటున్నరు, నీ ఒక్కదాని గొంతులకే పోదా? నేనేమన్న విషం పెడుతున్ననా?"

రామక్క కోడలి మొహం వంక చూసింది. ముద్ద కోసం నోరు తెరిచింది. నవనీత పక్కనే కూర్చుని అన్నం కలిపి ముద్ద మీద ముద్ద పెట్టింది. ఆ పెట్టడంలో ప్రేమ లేదు, పంతమే ఉంది. అత్త నుదుటన పట్టిన చెమట కనబడినా కంచం ఖాళీ అయ్యేదాకా ఆగలేదు.

సాయంత్రానికి రామక్క ఛాతీ పట్టుకుని నేల మీద మెలికలు తిరిగిపోయింది. గుండెపోటనుకుని నారాయణగూడలోని ఒక ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయారు. గుండెకేమీ కాలేదు. రక్తపరీక్ష చూసిన డాక్టరమ్మ కనుబొమలు ముడిచింది.

"పాంక్రియాస్, అంటె కడుపు ఎనకుండే క్లోమం, వాచింది. కల్లు, మందు ఏమన్న తాగుతదా?"

"పండుగకు కూడ ముట్టదు మేడం" అన్నాడు క్రాంతికుమార్.

స్కానింగు చేశాక ఆమె ఇద్దరినీ పక్కకు పిలిచింది. "ఛాతికీ పొట్టకూ నడుమ ఒక పొర ఉంటది. అందులో అన్నం దిగే సందు వెడల్పై, కడుపు ఛాతిలోకి ఎక్కింది. దాని పేరే హయాటస్ హెర్నియా. చాలమందికి ఉంటది, కానీ ఈమెకు పాంక్రియాస్‌ను కూడ పైకి గుంజింది. ఇది చాల అరుదు. కొన్నాళ్ల సంది తినంగనే నొప్పి లేసి ఉంటది. మీకు చెప్పలేదా?"

"గ్యాస్ అన్నది మేడం. నేను నమ్మలె" అంది నవనీత. "ఇయ్యాల బలవంతంగ కంచమంత తినిపిచ్చిన."

"ఒక్కపూట తిండికి వచ్చేది కాదమ్మా ఇది. కానీ నిండిన కడుపు మెలిపడ్డది. వెంటనే ఆపరేషన్ చెయ్యాలె. బతుకుతదని మాట ఇయ్యలేను."

థియేటర్ బయట స్ట్రెచర్ మీద రామక్క సగానికి సగం అయిపోయినట్టుంది. ముక్కులో గొట్టం. నవనీత ఆమె పక్కన కూలబడి చేయి పట్టుకుంది. కన్నీళ్లు ఆగడం లేదు.

"అంత నొస్తుంటె జర గట్టిగ చెప్పరాదా అత్తమ్మా?"

"తింటె నొస్తదంటె... నీ వంటకు వంక పెట్టినట్టయితదని చెప్పలె బిడ్డ."

"మరి ఇయ్యాలెందుకు తిన్నవ్? నా చెయ్యి తోసేస్తె అయిపోతుండె గద."

రామక్క ఎండిన పెదవులు తడుపుకుంది.

"ఏడాదాయె నువ్వు నా పక్కన కూసోక. తోసేస్తె లేసిపోతవేమోనని."

నర్సు వచ్చి, లోపలికి తీసుకుపోవాలి, పక్కకు జరగమని చెప్పింది. నవనీత లేవలేదు.