అరువిచ్చిన కళ్ళు

పరిగెడుతున్నాడు అతను.

ఎడమ కాలి చెప్పు ఎక్కడో తెగిపోయింది. మెడలో వేలాడుతున్న కెమెరా అడుగడుక్కీ గుండె మీద కొడుతోంది. వెనకాల విజిళ్ళు... బూట్ల చప్పుడు...

"ఆగు! ఆగకపోతే కాలుస్తాం!"

ఆగలేదు.

ఆగి చెప్పాలనే ఉంది. నేను కాదు బాబూ, నేను ఈ నగరం చూడ్డానికి వచ్చినవాణ్ణి అని. పది నిమిషాల క్రితం టవర్ ముందు అదే చెప్పబోయాడు. నోరు తెరిచేలోపే ఎదుటి పోలీసు తుపాకీ తీశాడు.

అంతే... కాళ్ళకి బుద్ధి చెప్పాడు.

సందు మలుపులో ఒక స్తంభం. దాని నెత్తిన నల్లటి కెమెరా. అతను దగ్గరికి రాగానే అది మెల్లగా తల తిప్పింది.

ఎర్ర దీపం వెలిగింది!

"ప్రమాదకరమైన వ్యక్తి. దయచేసి దూరంగా జరగండి," అంది స్తంభం. ఆడగొంతు. చాలా మర్యాదగా.

జనం రెండుగా చీలిపోయారు. ఒకావిడ పిల్లని చంకనేసుకుని పక్కనున్న మందుల షాపులోకి దూరింది. పిల్ల మాత్రం అతన్ని చూసి నవ్వింది.

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాడు. వాళ్ళ ఊళ్ళో పెద్దాచిన్నా అందరికీ అతను స్టూడియో బాబాయ్. ఇన్నేళ్ళలో అతన్ని చూసి భయపడ్డ మనిషి లేడు. ఇక్కడ ఒక్క పూటలో ఊరు ఊరంతా భయపడుతోంది.

టైమ్ ఆరున్నర దాటింది. ఎనిమిదింటికి రైలు. స్టేషన్లో భార్య ఒంటరిగా కూర్చుని ఉంది.

ఆమె దగ్గరికి చేరాలి. ప్రాణాలతో చేరాలి. అతని బుర్రలో ఇంకే ఆలోచనా లేదు.

ఒక లాండ్రీ పక్కన ఇరుకు సందు కనిపిస్తే దూరిపోయాడు. అక్కడ స్తంభాల్లేవు. గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. ఉలిక్కిపడ్డాడు!

"ఎక్కడున్నారండీ?"

"వస్తున్నా."

"ఆయాసపడుతున్నారేం?"

"మెట్లెక్కువున్నాయే ఇక్కడ."

ఆమె నమ్మలేదు. ఇరవై రెండేళ్ళ కాపురం. అబద్ధం ఎంత లావుందో గొంతుని బట్టి చెప్పేస్తుంది.

"చూడండి, మీరు రాకపోతే నేను బండి ఎక్కను. ఇక్కడే కూర్చుంటా. చెప్తున్నా."

పెట్టేసింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అదే అతని భయం.

ఈ ప్రయాణం పెళ్ళయినప్పటి నుంచి వాయిదా పడుతూ వచ్చింది. చివరికి మూడు రోజులు షట్టర్ దించి ఇద్దరూ బయల్దేరారు. మొదటి రోజు కదిలే మెట్లు చూసి ఆవిడ అతని చొక్కా పట్టుకుని వదల్లేదు. ఒకసారి ఎక్కాక భయం పోయింది. ఇంకో నాలుగుసార్లు ఎక్కింది, దిగింది, పదహారేళ్ళ పిల్లలా నవ్వింది. రెండంతస్తుల బస్సులో పైన ముందు సీటు కోసం మూడు బస్సులు వదిలేశారు. ఆ సీట్లో కూర్చుని ఊరంతా తన ఒళ్ళోకి వచ్చిపడుతోందని ఆవిడ అంటుంటే అతనికి కడుపు నిండిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదా అని తనని తనే తిట్టుకున్నాడు.

మిగతాదంతా విసుగే. హోటల్ గది కిటికీ తెరిస్తే చెయ్యి చాపేంత దూరంలో పక్కింటి గోడ. దారి అడిగితే ఆగే మనిషి ఉండడు. ఇవాళ మధ్యాహ్నానికి ఆవిడ పాదాలు వాచిపోయాయి. ఇక ఒక్క అడుగు వెయ్యనని సామాను పక్కన కూలబడింది. లైట్లు వెలిగాక టవర్‌ని ఒక్క ఫోటో తీసుకొస్తానని అతనే బయల్దేరాడు.

ఆ ఒక్క ఫోటో కొంప ముంచింది.

సందు చివర బస్టాప్. అక్కడ మనిషెత్తు స్క్రీన్ మీద పోలీసుల ప్రకటన.

'మధ్యాహ్నం బ్యాంకు గార్డుని కాల్చి చంపిన వ్యక్తి. కనిపిస్తే వెంటనే తెలపండి.'

కింద ఫోటో.

అతను దగ్గరికెళ్ళి చూశాడు.

ముక్కు తనది కాదు. మూతి తనది కాదు. ఆ చెవులు అసలే కాదు. కానీ కళ్ళు...

కళ్ళు తనవే.

వెనకున్న నీలం తెర కూడా తనదే. కింద ఎడమ మూల చిన్న మడత. ఆ తెరని మార్చమని భార్య ఏడేళ్ళుగా పోరుతోంది.

గుర్తొచ్చాడు. రెప్పల రాయుడు! అసలు పేరు గుర్తు లేదు. ఈ పేరు తనే పెట్టాడు. డ్రైవింగ్ లైసెన్సు కోసం ఫోటోకి వచ్చాడు. ఇదే ఆ ఫోటో. ఎడమ రెప్ప సగం వాలిపోయి ఉండేది. ఫ్లాష్ పడితే చాలు, రెండు కళ్ళూ గట్టిగా మూసేసేవాడు. "కళ్ళు తెరిచి ఇటు చూడండి," అని బతిమాలాడు బాబాయ్. నాలుగుసార్లు తీశాడు. నాలుగుసార్లూ మూశాడు.

బయట జనం. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. అలాంటప్పుడు బాబాయ్ చేసే పని ఒకటుంది. కంప్యూటర్లో తన ఫోటో తెరిచి, తన కళ్ళు కత్తిరించి, ఎదుటివాడి ముఖంలో అతికించేస్తాడు. రంగు సరిచేసి అంచులు నునుపు చేస్తాడు. ఇంకొకరి కళ్ళు పెడితే వాళ్ళు ఊరుకోరు. తనవైతే అడిగేవాడు లేడు. ఎవరూ కనిపెట్టలేదు. పైగా బాబాయ్ దగ్గర తీయించుకుంటే ముఖంలో కళ వస్తుందని చెప్పుకునేవారు.

ఇప్పుడు ఆ కళ కోసమే ఊరంతా తుపాకులు పట్టుకుని తిరుగుతోంది.

స్క్రీన్ మీద బొమ్మ మారింది. ఇంకెవరో ఆడమనిషి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అట. అతను సరిగ్గా చూడలేదు. అప్పటికే వెనక్కి తిరుగుతున్నాడు.

"చేతులు పైకెత్తు."

సందు మొదట్లో ఒక లేడీ ఇన్‌స్పెక్టర్. చేతిలో తుపాకీ. రెండో చేతిలో పలకలాంటి మిషన్. దాని మూలన ఎర్ర దీపం.

చేతులెత్తాడు.

"మేడమ్, ఆ ముఖం నాది కాదు. కళ్ళు మాత్రం నావి."

"ఏంటి?"

"నేనే అతికించాను."

తాగున్నావా అని అడిగింది. లేదన్నాడు. గడగడా చెప్పేశాడు... స్టూడియో, నీలం తెర, రెప్పల రాయుడు, కత్తిరింపు, అతికింపు. ఇన్‌స్పెక్టర్ ముఖం మారలేదు. తుపాకీ దిగలేదు. మెడలో ఉన్న ఆ డబ్బా ఏంటని మాత్రం అడిగింది. కెమెరా అన్నాడు. పైనున్నది ఫ్లాష్ అన్నాడు.

"మిషన్ డెబ్బై ఎనిమిది శాతం నువ్వే అంటోంది. నీ మాట ఎందుకు నమ్మాలి?"

"నన్ను నమ్మొద్దు మేడమ్. దాంట్లో ఫోటోని చూడండి. ముక్కు నీడ ఎటుంది?"

చూసింది. "ఎడమ వైపు."

"అంటే లైటు కుడి వైపున్నట్టు. ఇప్పుడు కళ్ళలో తెల్లచుక్క చూడండి. లైటు మెరుపు అది. ఎటుంది?"

బొటనవేలితో బొమ్మని పెద్దది చేసింది.

"ఎడమ వైపు," అంది నెమ్మదిగా.

"ఒక మనిషి ముక్కుకి ఒక వైపు నుంచి, కళ్ళకి ఇంకో వైపు నుంచి వెలుగు పడుతుందా మేడమ్? నా ఫోటో కిటికీ పక్కన తీసింది. వాడిది లైటు కింద తీసింది. తిప్పి పెట్టాల్సింది... తొందర్లో మర్చిపోయాను."

సందులో లాండ్రీ ఆవిరి బుస్సుమంది.

తుపాకీ దిగింది.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడలేదు.

ఆవిడ కూడా ఒక నిట్టూర్పు విడిచింది. జనం మాస్కులు పెట్టుకుని తప్పించుకుంటున్నారని, కళ్ళకే ఎక్కువ మార్కులు పడేలా మిషన్‌ని మార్చారట. మధ్యాహ్నం నుంచి తొమ్మిది మందిని పట్టుకుంటే తొమ్మిది మందీ కాదట. చెబితే పై ఆఫీసర్లు మిషన్‌ని కాదు, ఆవిడని అనుమానిస్తున్నారట.

అతని ముఖాన్ని ఫోటో తీసింది. ఏదో నొక్కింది. పలక మూలన దీపం పచ్చబడింది.

"మీ జోలికిక ఎవరూ రారు," అంది. నువ్వు కాస్తా మీరైంది. "అసలువాడి కళ్ళెలా ఉంటాయి?"

చెప్పాడు. ఎడమ రెప్ప వాలి ఉంటుంది, చామనఛాయ, కుడి చెవి తమ్మె చీలి ఉంటుంది. ఆవిడ రేడియోలో అందరికీ చెప్పింది. వాణ్ణి చూసి గుర్తుపట్టగలిగేది మీరొక్కరే, స్టేషన్ దాకా జీపులో దింపుతాను, దారి పొడుగునా కన్నేసి ఉంచండి అంది.

జీపులో అడిగింది. "ఇలా ఎంతమందికి ఇచ్చారు మీ కళ్ళు?"

"గుర్తు లేదు మేడమ్. చాలామందికి."

"ఆడవాళ్ళక్కూడానా?"

"వాళ్ళకి మా ఆవిడవి. పెళ్ళయిన కొత్తలో తీసినవి. అప్పటికింకా కళ్ళజోడు రాలేదు."

ఇన్‌స్పెక్టర్ చటుక్కున తల తిప్పి చూసింది. ఏదో అనబోయింది. అంతలో రేడియో గరగరలాడింది... గార్డుని చంపినవాడు స్టేషన్ వైపు నడుస్తుండగా ఎవరో చూశారట. జీపు సైరన్ వేసుకుంది.

ఏడూ యాభై.

స్టేషన్ గేటు. ఇటు ఇద్దరు, అటు ఇద్దరు గార్డులు. భుజాన పెద్ద తుపాకులు. వాళ్ళు మనుషుల్ని చూడ్డం మానేసి చాలా కాలమైంది. గేటు పైనున్న దీపాన్ని చూస్తున్నారు.

అతను ఇన్‌స్పెక్టర్‌తో కలిసి గేటు దాటాడు.

పచ్చ.

ప్లాట్‌ఫాం మీద, ముప్పై అడుగుల దూరంలో, సామాను పక్కన భార్య. అతన్ని చూడగానే లేచి నిలబడింది. ఒంటి కాలికి చెప్పు లేకపోవడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

వెనక గేటు కీచుమంది. ఎవరో వచ్చారు. పచ్చ. మళ్ళీ ఎవరో. పచ్చ.

ఎందుకో వెనక్కి చూశాడు.

టోపీ పెట్టుకున్న మనిషి. టోపీ కింద చీలిన తమ్మె. సగం వాలిన ఎడమ రెప్ప.

దీపం పచ్చగా వెలుగుతోంది. ఎందుకు వెలగదు? అది వెతుకుతున్న కళ్ళు వాడివి కావుగా! మధ్యాహ్నం నుంచి ఊళ్ళో ప్రతి స్తంభం కిందా వాడు దర్జాగా నడిచాడు.

వాడూ చూశాడు. ముందు కెమెరాని. తర్వాత ముఖాన్ని.

"బాబాయ్? నువ్వేంటి ఇక్కడ?"

ఆ గొంతులో నిజంగానే ఆప్యాయత ఉంది. ఆ తర్వాత పక్కనున్న ఇన్‌స్పెక్టర్ కనిపించింది వాడికి.

చెయ్యి కోటులోకి వెళ్ళింది.

"మేడమ్... వాడే!"

ఇన్‌స్పెక్టర్ చూపు ముందు దీపం మీదికి వెళ్ళింది. అలవాటు. పచ్చ. ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో వాడి తుపాకీ బయటికొచ్చింది. గొట్టం బాబాయ్ ఛాతీకి ఎదురుగా ఉంది.

అతని చేతులు వాటంతటవే కెమెరాని ఎత్తాయి. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు.

నొక్కాడు!

తెల్లటి ఫ్లాష్...

రెప్పల రాయుడు రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. ఐదోసారి కూడా.

ఢాం!

కాల్చింది ఇన్‌స్పెక్టర్.

వాడు మోకాళ్ళ మీద కూలి పక్కకి ఒరిగాడు. తుపాకీ జారుతూ వెళ్ళి గోడకి తగిలి ఆగింది. ఎవరో కేకలు పెడుతున్నారు. అతని చెవుల్లో ఫ్లాష్ మళ్ళీ చార్జ్ అవుతున్న సన్నటి మోత తప్ప ఏమీ వినబడటం లేదు.

"ఏమండీ!"

భార్య. వాచిన పాదాలతో పరిగెత్తుకొస్తోంది. ఏడుస్తోంది. కన్నీళ్ళకి కళ్ళజోడు మసకబారితే పరుగులోనే తీసేసింది.

ప్లాట్‌ఫాం మీది స్తంభం మెల్లగా తల తిప్పింది.

ఎర్ర దీపం!

"ప్రమాదకరమైన వ్యక్తి. దయచేసి దూరంగా జరగండి."

పిల్లల్ని ఎత్తుకుపోయే ఆడమనిషి... నీలం తెర... తను అతికించిన భార్య కళ్ళు... బస్టాప్‌లో తను సరిగ్గా చూడని బొమ్మ!

నాలుగు తుపాకులూ ఒకేసారి ఆమె వైపు తిరిగాయి. ఆగమని ఇన్‌స్పెక్టర్ అరుస్తోంది. గార్డులు వినడం లేదు. దీపాన్ని చూస్తున్నారు.

బాబాయ్ దూకాడు. ఆమెని కౌగిట్లోకి లాక్కుని తన వీపు తుపాకులకి అడ్డం పెట్టాడు. అరచెయ్యి ఆమె కళ్ళ మీద గట్టిగా అదిమాడు.

దీపం ఒకసారి మిణుకుమంది. ఆరలేదు... వెలగలేదు...

"ఏమైందండీ? నాకేం కనబడటం లేదు."

జీవితమంతా ఒకే మాట చెప్పి బతికినవాడు అతను. కళ్ళు తెరిచి ఇటు చూడండి అని. లక్షసార్లు చెప్పుంటాడు.

"కదలకే," అన్నాడు ఆమె చెవిలో. "కళ్ళు మాత్రం తెరవకు."